డిసెంబర్‌లో మా ఇంటి కిటికీ

నాకు అన్నిటికంటే ఇష్టమైన పండగ మా పండగ కాదు. ఈ మాట మా నాన్న వింటే ఒంటికాలి మీద లేస్తాడు గానీ, నిజం నిజమే. మా పండగలొస్తే చాకిరీ అంతా నాది. పస్కాకి ఇల్లు మూలమూలలా దులిపి, పులిసిన పిండి రవ్వంత కూడా మిగలకుండా డబ్బాలన్నీ కడిగి ఎండబెట్టాలి. హనుక్కాకి ఎనిమిది రోజులు దీపాలు పెట్టి, నూనెలో వేయించినవేవో తినాలి కాబట్టి పొయ్యి ముందు నిలబడి గారెలు వెయ్యాలి. అదే క్రిస్మస్ అనుకోండి, ఇంటికి రంగులు వేయించుకునేది వాళ్ళు, వండేది వాళ్ళు, గొంతు పోయేలా పాడేది వాళ్ళు. నేను తినాలి, వినాలి, పడుకోవాలి. ఇంతకంటే మంచి పండగ ఎక్కడైనా ఉంటే చెప్పండి. ఆ మతంలో చేరను గానీ ఆ రోజు సెలవు మాత్రం పెడతాను.

మేము యూదులం. కాజీపేటలో ఉండే తెలుగు యూదులం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో లెక్క మొదలవుతుంది. "అంటే క్రిస్టియన్సేనా?" కాదండీ. "మరి ముస్లిములా?" కాదండీ. "మరేంది?" అని నన్నే నిలదీస్తారు, నేనేదో దాస్తున్నట్టు. మా సొంతూరు గుంటూరు వైపు. మా నానమ్మ కాలంలో మావాళ్ళంతా చర్చికి వెళ్ళేవాళ్ళే. నాన్నకి పాతికేళ్ళున్నప్పుడు, మనం అసలు యూదులం, మన దారి మనం పట్టాలి అని కొన్ని కుటుంబాలు ఇటు మళ్ళాయి. అందరికంటే ముందు మళ్ళింది మా నాన్న. ఆ తర్వాత రైల్వే ఉద్యోగం ఆయన్ని కాజీపేట తెచ్చి పడేసింది. నేను ఇక్కడే పెరిగాను. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నాన్నా, నేనూ.

నేను ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా మాకు షబ్బాత్, అంటే విశ్రాంతి. ఆ వేళల్లో పని చెయ్యకూడదు, రాయకూడదు, ఫోన్ ముట్టకూడదు. శనివారం రానందుకు బదులుగా ఆదివారం లైబ్రరీ తెరిచేది నేనే. అందుకే క్రిస్మస్‌కీ దాని మర్నాటికీ వచ్చే రెండు రోజుల సెలవంటే నాకు ప్రాణం. ఆ రెండు రోజులూ నన్ను దేవుడూ ఏమీ అడగడు, ప్రిన్సిపాలూ ఏమీ అడగడు. డాబా మీద చాప వేసుకుని, ఎండకి వీపు పెట్టి, బత్తాయిలు వలుచుకుంటూ పడుంటాను. పండగకి పది రోజుల ముందు నుంచే కింద పాటల ప్రాక్టీసు జోరుగా సాగుతుంది. డోలక్ తాళం తప్పుతుంది, కీబోర్డు ఆగిపోతుంది, "మళ్ళ మొదటికెళ్ళి!" అని ఒక ఆడగొంతు కసురుతుంది. ఆ కసురు కూడా నాకు పాటలో భాగమే.

ఆ గొంతు మా ఇంటి ఓనరుది. రైల్వే దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నేను పెద్దమ్మా అంటాను. కింద ఆమె, పైన మేము. మేము యూదులమని తెలిసిన రోజు ఆమె కుర్చీలోంచి చటుక్కున లేచి నిలబడింది.

"అయ్యో, ముందుగాల చెప్పొద్దా బిడ్డా! మీరు ప్రభువు తరఫు చుట్టాలు గదా!"

ఆ రోజు నుంచి మాకు మగపెళ్ళివారి మర్యాదలే. కేకు కోస్తే మొదటి ముక్క పైకొస్తుంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో పంది కొవ్వు ఏమన్నా వేశారా సిస్టరమ్మా?" అని ఆరా తీస్తాడు. "మంచి నెయ్యి అన్నా. నీకోసమని డాల్డా గూడ బంద్ జేసిన" అంటుందామె. అప్పుడు తింటాడు, రెండో ముక్క కూడా తింటాడు. కేకు సంగతి అలా తేలిపోతుంది. పాట దగ్గరికొచ్చేసరికే చిక్కు.

కింద ప్రాక్టీసు మొదలవగానే నాన్న లేచి హాల్లో కిటికీ వేసేస్తాడు. "దోమలు" అంటాడు. నేను వెళ్ళి తీస్తాను. "ఉక్క" అంటాను. డిసెంబర్‌లో కాజీపేటలో ఉక్కేంటి, నా మొహం! స్వెటర్ వేసుకుని మరీ ఉక్కంటాను. ఆయన మళ్ళీ వేస్తాడు, నేను మళ్ళీ తీస్తాను. ఏళ్ళ తరబడి ఇదే తంతు నడిచింది. అసలు సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ పైకి అనేవాళ్ళం కాదు.

అసలు సంగతి మా నానమ్మ. ఒకప్పుడు ఊరి చర్చిలో ఏ పాటైనా ఆమే ఎత్తుకునేదట. నాకు ఊహ తెలిసేసరికి ఆమె ఏ పాటా పాడేది కాదు. నన్ను నిద్రపుచ్చేటప్పుడు మాత్రం పెదాలు బిగించి ఒక రాగం తీసేది. ఊఁ ఊఁ అనడమే, మాటలుండవు. "మాటలేంటి నానమ్మా?" అని అడిగితే, "ఉండేయిలే, పోయినై" అనేది. ఆమె పోయి ముప్పై ఏళ్ళు. రాగం నా గొంతులో ఉండిపోయింది. గిన్నెలు తోముకుంటూ తీస్తుంటాను. నాన్న చెవిన పడిందా, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయేవాడు.

రెండేళ్ళ క్రితం క్రిస్మస్ సోమవారం పడింది. ఆ ముందు బుధవారం జరిగింది ఈ గొడవంతా. గొడవకి మూలం మా గుమ్మం మీది నక్షత్రం. ఆరు మూలల నక్షత్రం, మా యూదుల గుర్తు, నాన్న స్వయంగా ప్లైవుడ్ కోసి నీలం రంగు వేసింది. ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. మా వైపు క్యారల్స్ పాడేవాళ్ళు నక్షత్రం కట్టిన ఇళ్ళు చూసుకుని పోతారు. మా సంగతి వీధిలో అందరికీ తెలుసు గానీ, ఆ ఏడు బృందంలో సగం మంది కొత్తవాళ్ళు. పెద్దమ్మేమో మోకాళ్ళ నొప్పులతో కిందే కూర్చుంది. సాయంత్రం ఏడింటికి, కింద పాడటం అయ్యాక, పది పన్నెండు మంది తలెత్తి మా చుక్క చూసి ధడధడా మెట్లెక్కేశారు. ముందు ఎర్ర టోపీ, దూది గడ్డంతో క్రిస్మస్ తాత. తలుపు తీసింది మా నాన్న.

క్రిస్మస్ తాత నాన్న రెండు చేతులూ పట్టుకుని గెంతడం మొదలుపెట్టాడు. కీబోర్డు, డోలక్, చప్పట్లు. నాన్న డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కొయ్యలా నిలబడి పాట మొత్తం విన్నాడు. పాడేవాళ్ళని మధ్యలో ఆపడం మర్యాద కాదని ఆయన పట్టుదల. అయిపోయాక నిదానంగా చెప్పాడు.

"చాలా బాగా పాడారు. మేము యూదులం."

ఇంకా గెంతుతున్న తాత టక్కున ఆగిపోయాడు. గడ్డం చెవి మీంచి జారింది. అప్పటికి కింద పెద్దమ్మకి సంగతి అర్థమైంది. "ఓ పిల్లలూ! ఆ చుక్క మనది గాదు! దిగుండ్రి జల్ది!" అని అరుపు. నాకు నవ్వాగలేదు. విచిత్రం, నాన్న కూడా మీసాల్లో నవ్వాడు. "వచ్చినోళ్ళని ఉత్తినే పంపుతామా? టీ పెట్టవే" అన్నాడు.

టీలు తాగుతుండగా కీబోర్డు అమ్మాయి, "ఆంటీ, మీరు గూడ ఒకటి పాడుండ్రి" అంది. నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! ఉత్సాహం పట్టలేక నానమ్మ రాగం తీసేశాను. డోలక్ అతను వేళ్ళతో మెల్లగా అందుకున్నాడు. ఎవరూ టీ గుటకెయ్యలేదు. అయ్యాక, "ఏం పాట ఆంటీ ఇది? మాటలేంది?" అని అందరూ ఒకటే అడగడం. నాకు తెలియదన్నాను. తిరిగి చూస్తే నాన్న కుర్చీ ఖాళీగా ఉంది, లోపలి గది తలుపు వేసుంది.

పెద్దమ్మ ఒకటి పట్టుకుంటే వదిలే రకం కాదు. గురువారం పొద్దున్నే నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"గా రాగం నా చెవులకెళ్ళి పోతలేదు బిడ్డా. పండుగ నాడు చర్చిల పాడుదం. మాటలు ఎవర్నన్న అడగరాదు?"

"ఆ మాటలు తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు పెద్దమ్మా."

"ఎవరు?"

నేను పైన మా గుమ్మం వైపు చూశాను. "ఓ యేసయ్యా!" అని ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది.

నవ్వుతూ అన్న మాటే గానీ కాలేజీకి వెళుతూ ఆటోలో అదే గుచ్చుకుంది. నిజంగానే ఒక్కడే. ఆయనకి గుర్తున్నన్నాళ్ళే ఆ పాట. తర్వాత నా ఊఁ ఊఁ తప్ప ఏమీ మిగలదు. ఆ సాయంత్రం భోజనం దగ్గర తెగించి అడిగాను.

"నాన్నా, నానమ్మ పాట నాకు కావాలి."

"ఏ పాట?"

"ఏ పాటో నీకు తెలుసు."

"మనింట్లో ఆ పాటల్లేవు."

"రాగం ఉందిగా. నానమ్మ ఉంచిందిగా."

సగం అన్నంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చాను, దాచేదేముంది. కోపమొచ్చి ఏడ్చాను.

మర్నాడు శుక్రవారం. పొద్దుగూకే లోపు వంట ముగించి దీపాలు వెలిగించాను. నాన్న రొట్టె మీద దీవెన చదివాడు. తిన్నాం. కింద ప్రాక్టీసు మొదలైంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. ఇక లేస్తాడు, దోమలంటాడు అని చూశాను. లేవలేదు.

"ఇవాళ రాసుకోడానికి లేదు" అన్నాడు.

"తెలుసు."

"ఫోన్లోకి ఎక్కించుకోడానికీ లేదు."

"తెలుసు నాన్నా, చిన్నపిల్లనా?"

"అందుకే ఇవాళ చెప్తన్నా. మా అమ్మకి రాత రాదు. విని నేర్చుకుంది. నువ్వూ అట్టాగే నేర్చుకో."

నేను కదిలితే మనసు మార్చుకుంటాడేమోనని కదల్లేదు. స్టేషన్లో రైళ్ళ వేళలు చదివినట్టు వట్టి మాటలుగా చెప్పాడు. పశువుల పాకలో ఒక తల్లి ఆవుని బతిమాలుతోంది.

గడ్డి కాస్త జరుపమ్మా గోవుతల్లీ
నా బిడ్డ పడుకోను చోటు చాలదూ

నేను రాగంలో పెట్టి అన్నాను. "అట్టా కాదు" అన్నాడు. మళ్ళీ అన్నాను. "అక్కడ సాగదియ్యకూడదు." మళ్ళీ అన్నాను. నాలుగోసారికి ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. "అట్టా కాదే, నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ ఆ చిరాకులోనే నోరు తెరిచి పాడేశాడు.

నలభై ఆరేళ్ళుగా ఆయన ప్రార్థనలు చదవడం విన్నాను. పాట వినడం అదే మొదలు. గొంతు వణికింది గానీ శృతి తప్పలేదు. నా తప్పుల పుణ్యమా అని మొదటి చరణం మూడుసార్లు పాడాడు. ఆవు జవాబు చెప్పే రెండో చరణం ఒక్కసారే. సరిగ్గా అప్పుడే పక్కన పట్టాల మీద గూడ్సు బండి పోయింది. అయినా ఆగలేదు. నేను ఆయన పెదాలే చూస్తున్నాను కాబట్టి నాకు అందింది.

"నేనే చెప్పానే మా అమ్మకి" అన్నాడు తర్వాత. "పాతికేళ్ళ పొగరు. ఇంక ఈ ఇంట్లో ఆ పాటలొద్దమ్మా అన్నా. ఎందుకురా అని కూడా అడగలా. మాటలు తీసేసి రాగం దాచుకుంది. ఇన్నేళ్ళూ ఆ మాటల్లో ఏదో ఉందనే అనుకున్నా. ఏముందే అందులో? ఒక తల్లి, ఒక ఆవు."

"ఆ తల్లి కూడా మన యూదురాలే కదా నాన్నా" అన్నాను.

నవ్వి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత వేలు చూపించి చెప్పాడు. "ఇది నీకే. కిందకి చెప్పమాక. నేను ఆపించిన పాట మళ్ళీ మైకులో వినే ధైర్యం నాకు లేదు." సరేనన్నాను. ఏం చేస్తాను, ఇచ్చిందే పదివేలు. కింద ప్రాక్టీసు ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు గమనించాను. టీకి లేచారనుకున్నాను.

శనివారం పొద్దంతా ఆ నాలుగు లైన్లూ మర్చిపోతానేమోనని ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చీకటి పడుతుండగా ఇద్దరమూ చుక్కల కోసం మెట్ల పైన నిలబడ్డాం. కింద వాకిట్లో పెద్దమ్మ, ఆమె చుట్టూ బృందమంతా చేరి ఉన్నారు. ఆమె తలెత్తి పిలిచింది.

"అన్నా, తప్పైతే మాఫ్ చెయ్యి. నిన్న నువ్వు పాడుతాంటే మేం ప్రాక్టీసు ఆపి ఇన్నం. మొదటి చరణం అందరికీ వచ్చింది. గని రెండోదాంట్ల రైలొచ్చె! ఆ తల్లి జాగ అడిగింది. ఆవు ఇచ్చిందా, ఇయ్యలేదా? నిన్నటి సంది మాకదే ఫికరు."

నాన్న మొహం చూసే ధైర్యం లేక నేను ఆకాశం చూశాను. రెండు చుక్కలున్నాయి. మూడోది వచ్చేదాకా ఆయన రెయిలింగ్ పట్టుకుని అలాగే ఉన్నాడు. నేను అడ్డుపడి ఏదో ఒకటి చెప్పి వాళ్ళని పంపించేద్దామనుకుంటుండగా, గొంతు సవరించుకుని, వాకిట్లోకి వంగి పాడాడు.

మేసేది రేపైనా మేస్తాను తల్లీ
పడుకోబెట్టు నీ బిడ్డను నా గడ్డిలో

"ఇచ్చింది సిస్టరమ్మా" అన్నాడు. "ఇవ్వక ఏం చేస్తుంది?"

సోమవారం పొద్దున నేను లేచేసరికి ఆయన శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నాడు. చేతిలో టీ చల్లారిపోయింది. చర్చి మైకులోంచి అందరి గొంతులూ కలిసి వస్తున్నాయి. ఆవు చరణం రాగానే ఆయన పెదాలు కదిలాయి. నేను వెళ్ళి కిటికీ రెక్క మీద చెయ్యి వేశాను.

"దోమలు నాన్నా. వేసెయ్యనా?"

"కూర్చో" అన్నాడు నా వైపు చూడకుండానే. "ఇవాళ దోమల్లేవు."