రాజు చెంప మీద విల్లు

క్రిసోఫొరో పెద్దయ్య రొట్టెల బట్టీలో పనికి చేరేనాటికి నాకు నా అనేవాళ్లు లేరు. ఆయనకేమో పాత వెండి నాణేల పిచ్చి. స్పెయిన్ రాజు మీద తిరగబడ్డ రోజుల్లో మావాళ్లకు సొంత నాణేలు పోత పోసుకునే తీరిక ఎక్కడిది? రాజు బొమ్మ ఉన్న నాణేల మీదే తమ తమ గుర్తులు గుద్ది చలామణీ చేశారు. మా వహాకా ఊరి చుట్టుపక్కల సంతలన్నీ గాలించి, పెద్దయ్య అలాంటివి పదమూడు పోగేశాడు. వాటిలో ఒకటి ఆయన ప్రాణం. దాని మీద తిరగబడ్డవాళ్ల విల్లూ బాణమూ గుర్తు సరిగ్గా రాజు చెంప మీదే పడింది.

"చూశావుటే ఎవులాలియా, రాజుగారికి చెంపదెబ్బ!" అని మురిసిపోయేవాడు. వాటికి తడిచెయ్యి కూడా తగలనిచ్చేవాడు కాదు. "ఆ నలుపే వాటి వయసు. తోమితే ఇంకేం మిగుల్తుంది?"

నా పెళ్లి కుదిరింది. మా ఆచారం ప్రకారం వరుడు వధువు దోసిట్లో పోసే పదమూడు నాణేలూ ధర్మతండ్రి తేవాలి. నాకెవరున్నారు? పెద్దయ్యే నిలబడ్డాడు. బజారు నాణేలు కాదు, తన పెట్టెలోవే ఇస్తానన్నాడు.

చర్చిలో సంచి విప్పేసరికి నాణేలు తళతళలాడాయి. ఆయన భార్య ఒతీలియా మొహం వెలిగిపోతోంది. "నిమ్మకాయా బూడిదా పెట్టి తోమానయ్యా! నల్ల డబ్బు దోసిట్లో పోస్తే పిల్లకి అరిష్టం కదూ?"

పెద్దయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. విల్లున్న నాణేన్ని వేలితో తడిమాడు. "బాగా మెరుస్తున్నాయే ఒతీలియా" అన్నాడు. నా పెళ్లివేళ ఆవిడ మనసు కష్టపెట్టని ఆ మంచితనానికి ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను.

పెళ్లి కాగానే నాణేలు పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"చర్చిలో నీ దోసిట్లో పడ్డాక నీవే. నేనెలా తీసుకుంటానే?"

"మీకు బాధగా లేదా పెద్దయ్యా?"

"ఎందుకుండదూ? బోలెడు బాధ. అయినా తీసుకోను."

ఆ సంచిని మా పొయ్యి మీద దూలానికి వేలాడదీశాను. నాణేలకు ఎవరి గుడ్డా తగలనివ్వలేదు.

నా కూతురు బ్రిహిదా పెళ్లికీ ఆయనే ధర్మతండ్రి. అప్పటికి నడుం వంగిపోయింది. సంచి ఆయన చేతికిచ్చాను. విప్పి చూస్తే నాణేలన్నీ నల్లగా ఉన్నాయి.

"నా మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు!" అంది ఒతీలియా.

పెద్దయ్య వాసన చూసి, నా వైపు తిరిగి నవ్వాడు. "ఇది వయసు నలుపు కాదే పిచ్చిదానా, నీ చిక్కుడుగింజల పులుసు పొగ." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

విల్లున్న నాణేన్ని ఏరి ఆయన జేబులో వేశాను. సంచిలో దాని బదులు కొత్త వెండి నాణెం పెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"చర్చిలో నా దోసిట్లో పడ్డది నాదేనన్నారుగా? నాది నేనిస్తున్నాను. కాదనడానికి మీరెవరు?"

ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని, పెళ్లంతా అలాగే నిలబడ్డాడు.