ఎర్రకళ్ళ గది

చింతాద్రిపేటలో మా తరగతి గది అగ్గిపెట్టెకు తమ్ముడు. అందులో ఇరవైరెండు మందిమి, ఒక మాస్టారు, ఆయన బెత్తం, పక్కనే పారే కూవం మురుగు పంపించే సమస్త సుగంధాలు. ఆ ఏడు మద్రాసు మొత్తానికీ కండ్లకలక వచ్చింది. రైలు సిగ్నళ్ళకు కూడా సోకిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

కన్ను ఎర్రబడినవాడు మూడు రోజులు బడికి రాకూడదని మాస్టారి ఆజ్ఞ. బడికి రానివాడికి మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం కూడా ఉండదు. మాకది ఒక పూట తిండి. నా పక్కన కూర్చునేవాడికి మాత్రం అదే రోజంతటి తిండి. వాళ్ళింట్లో పొయ్యి రాజుకోవడం గ్రహణం పట్టినంత అరుదు.

ఒక సోమవారం వాడు కుడికన్ను దానిమ్మగింజలా చేసుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇంటికి పోతానన్నాడు. నేను పోనివ్వలేదు. మాస్టారు వచ్చేలోగా అందరిచేతా పిడికిళ్ళతో కళ్ళు నలిపించాను. ఆయన వచ్చేసరికి ఇరవైరెండు మంది రాక్షసులం కొలువుదీరి ఉన్నాం. అసలు రోగి ఎవడో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఆయన ఓడిపోయి పాఠం మొదలెడతారనుకున్నాను. ఆయన మాత్రం, తరగతి మొత్తాన్నీ ఇంటికి పంపలేక, పక్క తరగతులకు అంటకుండా, కిటికీలు మూయించి, తలుపుకు బయట గొళ్ళెం పెట్టించి, సాయంత్రం గంటదాకా ఎవరూ కదలకూడదని వెళ్ళిపోయారు.

గాలి లేదు. చెమట మోకాళ్ళ లోతు వచ్చింది. గోడమీది బల్లి కూడా తలుపు సందు వెతుక్కుంది. ఒంటికి పోవాలని ఒకడు తలుపు బాది బాది, ఎవరూ తీయకపోతే, నా ఏడు తరాలనూ వరసపెట్టి తిట్టాడు. మావాడు మూలలో గోడకు మొహం ఆనించి కూర్చున్నాడు. ఎర్రకన్నులోకి చూస్తే చూసినవాడికి అంటుతుందని మేమందరం నమ్మేవాళ్ళం. మాకు అంటకూడదని వాడు తల తిప్పలేదు.

మధ్యాహ్నం వంటావిడ తలుపు జానెడు తీసి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, పులులకు వేసినట్టు పళ్ళేలు లోపలికి తోసి మళ్ళీ గొళ్ళెం వేసింది. అందరం ఎగబడ్డాం. మావాడు తన పళ్ళేన్ని వెనక్కి నెట్టేశాడు.

"నా కంటి మూలాన ఇంతమంది ఈడ ఇరుక్కోని ఉండారు. నాకెందుకు అన్నం?" అన్నాడు గోడతో.

ఇందాక నన్ను తిట్టినవాడే, మూతికి అంటిన సాంబారు తుడుచుకుంటూ జవాబిచ్చాడు. "డేయ్, నీ కోసరమే గదా ఈడ ఉడికిపోతుండేది. నువ్వు తినకపోతే మేమంతా ఊరికే ఉడికినట్టు గదా."

అయినా వాడు పళ్ళెం ముట్టలేదు. అప్పుడు నేను పళ్ళెం పట్టుకుని వాడికీ గోడకీ మధ్య సందులో దూరాను. తాటాకంత పలచటి మనిషిని కాబట్టి పట్టాను. మొహానికి మొహం పెట్టి, ఆ ఎర్రకన్నులోకి సూటిగా చూశాను.

"చూసేసినా. అంటేది అంటింది. ఇంక తిను."

వాడి చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తింటున్నంతసేపూ నావైపే చూశాడు. గంట కొట్టడానికి ఇంకా మూడు యుగాలుంది. అప్పటికే నా ఎడమకన్ను గరగరమంటోంది.