వాలుబల్ల కట్టుకొని గట్టెక్కిన వైనం

ఆ రోజుల్లో ఈ భూమ్మీద నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఫిజిక్సులో డిగ్రీ చేతికొచ్చి ఆరు నెలలు. బుర్ర నిండా సూత్రాలు, జేబులో మూడు పెన్నులు (ఒక్కటీ రాయదు). ఎదురొచ్చిన ప్రతి మనిషినీ తప్పు చేసిన లెక్కలాగా చూసేవాణ్ణి. ఇప్పుడా వెధవ ఎదురుపడితే చెవి మెలిపెట్టి, ముందు నోరు మూసుకోవడం నేర్చుకోరా అని చెబుతాను.

ఆ ఏడు వానల్లేక శనక్కాయ చేలోనే మాడిపోయింది. ముదిగుబ్బ దగ్గర కొండగట్టు మీదున్న ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్సు సారు కావాలన్నారు. తొమ్మిదింటికి పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. "ఇది గూడా పోతే బెంగుళూరు పోయి ఇటికెలు మోయాల్సిందే రా," అన్నాడు నాయన. నాకు భయమేమిటి? పాఠం బలం, పని, సామర్థ్యం! పాత తలుపు చెక్కతో వాలుబల్ల చేసి, ఒక బొమ్మబండి, స్ప్రింగు త్రాసు సంచిలో వేసి, అన్నీ సైకిలు క్యారియరుకు కట్టి, ఉగ్గాని బజ్జీ దండిగా తిని బయల్దేరాను.

గట్టు మొదట్లో ఒక పాలాయన కనిపించాడు. నాయన కంటే పెద్ద వయసు, సైకిలుకు రెండు పక్కలా నిండు క్యాన్లు. రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు, మళ్ళీ ఆ అంచు నుంచి ఈ అంచుకు ఏటవాలుగా తొక్కుతూ ఎక్కుతున్నాడు.

"ఏమన్నా, పొద్దున్నే తాగినావా? రోడ్డంతా నీకే కావాల్నా?" అన్నాను.

"గట్టు నిలువుగా ఉండాదప్పా. నువ్వు గూడా అడ్డమడ్డంగా తొక్కు. లేకుంటే సగంలోనే కూలబడతావు."

"ఎట్ల పోయినా గట్టు ఎత్తు ఒకటే, చేసే పని ఒకటేనన్నా. ఊరికే తిరిగేదెందుకు? అదే పని తొందరగా చేసినోడిదే సామర్థ్యం. చూస్తాండు!"

నిటారుగా తొక్కాను. చదువుకున్నవాణ్ణి కదా! మూడోవంతు బాగానే సాగింది. తర్వాత పెడలు మీద లేచి నిలబడ్డాను. పెడలు దిగలేదు, నేనే దిగాను (దిగడమంటే పడటమే). గొలుసు ఊడింది, తెల్లచొక్కాకు గ్రీసు అంటింది, వాలుబల్ల తాడు తెంచుకొని గట్టు కిందికి జారిపోయింది. దాని వెంట నేను కిందికి పరిగెత్తుతుంటే పాలాయన నన్ను దాటి పైకి పోయాడు. ఒక్క మాటా అనలేదు. అననందుకే నాకు ఇంకా మండింది.

సైకిలు నెట్టుకుంటూ పావుగంట ఆలస్యంగా తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టాను. వెనక బెంచీలో పెద్దమేడం గడియారం చూసుకుంటోంది. సంచి విప్పితే స్ప్రింగు త్రాసు లేదు. బెంగుళూరు ఇటికెలు కళ్ళ ముందు తిరిగాయి. అంతలో వాకిట్లో పాలాయన! బడి హాస్టలుకు పాలు పోసి వచ్చినట్టున్నాడు.

"దావలో పడిండె సారూ. నీదేనేమో అని తెస్తి."

మొహం చూడకుండా త్రాసు తీసుకున్నాను. ఆ మనిషి పోతేనా? పాఠం వింటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. బల్ల ఏటవాలుగా ఎత్తి పెట్టి త్రాసుతో బండిని లాగితే ముల్లు సర్రున జరిగింది. వాలు తగ్గించి లాగితే కొంచెమే జరిగింది.

"చూసినారా? వాలు తగ్గితే తక్కువ బలం చాలు. అదే ఎత్తుకు చేరాలంటే దూరం మాత్రం ఎక్కువ పోవాల. పని ఒకటే," అన్నాను గొప్పగా.

"నేను గట్టు కింద చెప్పింది గూడా అదే గదప్పా!" అన్నాడు పాలాయన.

నాకు తల తీసేసినట్టయింది. వాలుబల్లను సైకిలు వెనక కట్టుకొని వెళ్తూ, రోడ్డునే వాలుబల్ల చేసుకున్న మనిషిని వెక్కిరించానన్నమాట! "ఏమి చెప్పినాడు సార్?" అంది పెద్దమేడం. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చొక్కా మీది గ్రీసు అందరికీ కనిపిస్తోంది. ఉద్యోగం ఎటూ పోయిందనుకొని, 'తాగినావా' అన్న మాటతో సహా అంతా చెప్పేశాను. పిల్లలు బెంచీలు చరిచి మరీ నవ్వారు.

"సోమవారం నుంచి రాండి," అంది మేడం. "అడ్డమడ్డంగానే తొక్కుకొని రాండి. పావుగంట ముందు బయల్దేరండి."

ఇప్పుడు ఆ బడికి పెద్దసారును నేనే. షుగరొచ్చిందని డాక్టరు నన్ను మళ్ళీ సైకిలెక్కించాడు. మొన్న గట్టు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఈడ్చుకుంటూ పోతుంటే, కొత్తగా చేరిన ఫిజిక్సు సారు మోటారుబండి మీద పక్కకొచ్చి, "ఏం సార్, పొద్దున్నే ఏసినారా?" అని నవ్వి తుర్రుమన్నాడు. గట్టి జవాబే ఇవ్వాలనుకున్నాను. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఆనాడు పాలాయన పెద్దమనసుతోనే నన్ను ఏమీ అనలేదని ఇన్నేళ్ళూ దండం పెట్టుకుంటూ వచ్చాను. పాపం, ఆయనకూ ఊపిరి ఆడి ఉండదు.