డి డ్రైవులో దాచిన ఫోటో

అనకాపల్లి బస్సు కాంప్లెక్సులో నా పక్కన కూర్చున్నాయన ఒళ్ళో తువ్వాలు చుట్టిన కంప్యూటర్ పెట్టె ఉంది. రాంబిల్లిలో ఫోటో స్టూడియో నడుపుతాడట. పెట్టె పాడైతే విశాఖలో చూపించి వస్తున్నాడు.

"బాగయిందా బాబూ?" అని అడిగాను.

"లేదమ్మా. డిస్కు పోయింది. ఫోటోలన్నీ పోయేయి."

"ఇంకో కాపీ తీసుకోలేదేటి?"

"తీసేనమ్మా. సి డ్రైవులో ఒకటి, డి డ్రైవులో ఒకటి. వేరే సోటనుకున్నాను. రెండూ ఈ ఒక్క డిస్కులో అరలేనంట."

"రెండు మూటలు కట్టి ఒకే పడవలో ఏసేవన్నమాట," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. మొన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళిన పడవ ఒకటి తిరిగి రాలేదట. అందులో పోయినవాడు జాతరలో తీయించుకున్న ఒకే ఒక్క ఫోటో, ఇంకా ప్రింటు వేయనిది, ఈ పెట్టెలోనే ఉండేదట.

"ఆళ్ళమ్మ దండ తెచ్చుకుని షాపు మెట్ల మీద కూకుంది. ఏటని సెప్పను?" అన్నాడు.

అంతలో ఒక బస్సు వచ్చి ఆగింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "బోర్డు మీద ఏటుందమ్మా?" అన్నాడు.

నేను యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కూడబలుక్కుని "రాంబిల్లి" అని చదివాను. ఆయన పెట్టె ఎత్తుకుని లేచాడు.

చదవడం రాదని చెప్పి ఉంటే, మెట్ల మీదున్న ఆ తల్లి ఎదుటికి అప్పుడే వెళ్ళకుండా, తర్వాతి బస్సు దాకా నా పక్కనే కూర్చునేవాడేమో.