పేజీలు తిప్పేవాడి పల్లవి

పియానో కచేరీలో అందరికన్నా ప్రమాదకరమైన మనిషి ఎవరో తెలుసా? వాయించేవారు కాదు, ముందువరసలో కునికేవారూ కాదు. పక్కన స్టూలు మీద నోరు మూసుకుని కూర్చుని, వాయించేవారి ముందున్న స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పటిదాకా ఆ పని ఎందరు చేశారో నాకు తెలియదు గాని, దాన్ని నిలువునా తగలబెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇల్లు ప్రోతరాపూర్‌లో, గుమాస్తాగిరీ జెట్టీ దగ్గర, ఆదివారాలు బతు బస్తీలోని మా తెలుగు చర్చిలో హార్మోనియం. మెయిన్‌లాండ్‌కి వెళ్ళిపోతూ ఒక పెద్ద ఆఫీసరు తన పియానోను మా చర్చికి ఇచ్చేసి పోయాడు. వాయించడం ఎవరికీ రాదు. తేమకి చెడిపోకుండా లోపల చిన్న బల్బు వెలిగించి, కోడిపిల్లల్ని కాపాడినట్టు కాపాడుతూ వచ్చాం.

ఆ పియానో మీద కచేరీ చెయ్యడానికే మద్రాసు నుంచి ఎస్తేరు మేడం ఓడ దిగారు. తెలుగువారే. విదేశాల్లో చదువుకుని ఊరూరా కచేరీలు చేసే మనిషి. సంఘపెద్ద దానియేలు అంకుల్ ఆవిణ్ణి చర్చిలోకి తీసుకొచ్చేసరికి నేను పియానో మూత ఎత్తి లోపల తల దూర్చి ఉన్నాను.

"ఏట్రా సామ్యూలూ, అందులో ఏటి ఎతుకుతున్నావు?"

"తీగలు లెక్కెడతన్నానంకుల్."

మేడం నవ్వారు. "ఎన్నున్నాయి?"

"మధ్యలో మీరొచ్చీసారు. మళ్ళీ మొదట్నించీ లెక్కెట్టాలండి."

రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవడమేమిటంటారు. పియానోలోనే తల పెట్టినవాణ్ణి, ఇక ప్రశ్నలు వెయ్యడానికి వెరుస్తానా?

"రోజుకెన్ని గంటలు వాయిస్తారండి?"

"ఆరు. చిన్నప్పుడు ఎనిమిది."

"కూరలు తరుగుతారా?"

"తరగను. వేలు తెగితే నెల్లాళ్ళు కచేరీ ఉండదు."

"మరి మీ పియానో ఓడలో తెచ్చుకోలేదేటండి?"

"వీణవాళ్ళకి ఆ భాగ్యం ఉంది బాబూ. నాకు ఏ ఊరు వెళితే ఆ ఊరి పియానోయే. ముప్ఫై ఏళ్ళుగా పరాయివాళ్ళ వంటింట్లో వంట చేస్తున్నట్టే ఉంది."

ఆ మాటకి నాకు జాలి కలిగింది. జాలి వెనకాలే ఆశ కూడా పుట్టింది. ఓడ మళ్ళీ పది రోజులకు గాని వెళ్ళదు. "నాకు నేర్పుతారా?" అని అడిగేశాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఎల్లుండి కచేరీలో నాకు పేజీలు తిప్పు. సరిగ్గా తిప్పితే ఓడెక్కేదాకా రోజూ పాఠం."

"మీకంతా కంఠతా వచ్చుగదండీ?"

"వచ్చు. కానీ ఒకసారి పెద్ద సభలో సగంలో మరిచిపోయాను. తెర దించేశారు. ఇరవై ఏళ్ళయింది. అప్పట్నించి కళ్ళ ముందు కాగితం లేకుండా వాయించలేదు. నీకు చదవడం రాకపోయినా ఫరవాలేదు. నేను తల ఊపగానే తిప్పు, అంతే."

కచేరీనాడు చర్చి కిటకిటలాడింది. ఊళ్ళోని మిడిల్ పాయింట్ నుంచి ఆఫీసర్లు కూడా కుటుంబాలతో వచ్చారు. మేడం ఎత్తుకున్నది మూడు భాగాల పెద్ద రచన. మొదటి భాగంలో పేజీలన్నీ అద్భుతంగా తిప్పాను. అది ఉరుములా ముగిసింది. ఆవిడ చేతులు ఎత్తి, నావైపు తల ఊపారు.

ఇక్కడ మీరు నన్ను కాస్త అర్థం చేసుకోవాలి. మా కీర్తనల్లో చరణం అయిందంటే పల్లవి ఎత్తుకోవాల్సిందే. హార్మోనియం పల్లవికి రాకపోతే సంఘమంతా నోళ్ళు తెరుచుకుని అలాగే నిలబడిపోతుంది. పదేళ్ళుగా నా చేతులకు అదే అలవాటు. చరణం అయింది, తల ఊపారు, ఇంకేం కావాలి? పేజీలన్నీ గంపగుత్తగా వెనక్కి తిప్పి, మొదటి పేజీ గర్వంగా ముందు పెట్టాను.

"ఏం చేశావు?" అన్నారు మేడం, పెదవులు కదపకుండా.

"పల్లవి, మేడం."

"దీనికి పల్లవి లేదు!"

"చరణమయ్యాక పల్లవి లేకపోతే ఎలాగండి?"

"రెండో భాగం తియ్యి!"

అది ఎక్కడుందో నాకేం తెలుసు? నాకు ప్రతి పేజీ మీదా చీమలే కనిపిస్తున్నాయి. పైగా తేమకి పేజీలు అతుక్కుపోయాయి. గట్టిగా లాగాను. కుట్టు తెగింది. రెండో భాగం ఫ్యాను గాలికి ముందువరస మీదికి ఎగిరింది, మూడోది పియానో కిందికి దూరింది.

"అరే భయ్యా, ఫ్యాన్ బంద్ కరో!" అని దానియేలు అంకుల్ కేక. "ఏట్రా సామ్యూలూ, దిమాగ్ ఉందా నీకు?"

మేడం ముఖం పాలిపోయింది. చేతులు ఒళ్ళో పడిపోయాయి. పాఠాలు పోయాయన్న బెంగ కూడా నాకు అప్పుడు లేదు. ఆవిడ మళ్ళీ సగంలో ఆగిపోతే ఆ పాపం నాది. నిజంగా భయపడ్డాను. కళ్ళు మూసుకుని, 'ప్రభువా, ముందు ఆవిడకి జ్ఞాపకం ఇయ్యి, నాకు బుద్ధి తర్వాత ఇద్దువు గాని' అని ప్రార్థించాను.

పియానో మోగింది. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. రెండో భాగం మెల్లగా, ఎక్కడా తడబడకుండా సాగింది. నేను పియానో కింద మోకాళ్ళ మీద కాగితాలు ఏరుకుంటూ మూడో భాగం విన్నాను. అంత మంచి సంగీతం విన్నది నా జన్మలో అదే, అదీ బల్లకింద పిల్లిలా నక్కి.

చప్పట్లు ఆగాక దానియేలు అంకుల్ నా దగ్గరికి వచ్చి, "బాగానే వాయించిందిరా. పాపం, పల్లవి మాత్రం ఒక్కపాలి కూడా ఎత్తుకోలేదు" అన్నారు.

నేను కాగితాల కట్ట పట్టుకుని మేడం ముందు నిలబడ్డాను. "తప్పయిపోయిందండి. పాఠాలు ఒద్దులెండి."

"ఎందుకొద్దు? ఇరవై ఏళ్ళ తర్వాత కాగితం లేకుండా వాయించాను. రేపు పొద్దున్న ఏడింటికి రా. కాకపోతే ఒక్క షరతు."

"చెప్పండి మేడం!"

"పియానో నువ్వు వాయించు. పేజీలు నేను తిప్పుతాను."

ఆ సాయంత్రమే, సంఘపెద్ద సాక్షిగా, ఈ జన్మలో ఇంకొకరి ముందు పేజీ తిప్పనని ప్రమాణం చేశాను. ఈనాటికీ తప్పలేదు. మా ఇంట్లో గోడ మీది క్యాలెండరు కూడా మా ఆవిడే తిప్పుతుంది. ఆవిడ పుట్టింటికి వెళ్ళిన ఏడాది మాకు మార్చి మూడు నెలలుంది.