ఊపిరి తగిలితే చెడిపోయే గోధుమలు

ఎసెన్‌కుల్ బైకే ఈ లోకంలో దేన్నైనా నమ్ముతాడు గానీ, ఎదుటి మనిషి ఊపిరిని మాత్రం నమ్మడు.

ఆయన తప్పు కాదు. మేమంతా బైకే, అంటే అన్నా, అని పిలిచే ఈ మనిషి మా ఊరు తోక్మోక్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పళ్ల డాక్టరుగా పనిచేశాడు. అంటే ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరి నోళ్లలోకీ తొంగి చూశాడు. “మీకేం తెలుసు? మీరు మనుషుల్ని బయట్నుంచి చూశారు. నేను లోపల చూశాను,” అంటాడు. రిటైరయ్యాక తోటివాళ్లు చదరంగం ఆడుకుంటూ, చేపలు పట్టుకుంటూ కాలక్షేపం చేస్తుంటే, ఈయన వంటింట్లో తలుపేసుకుని పుట్టగొడుగుల విత్తనం తయారుచేయడం మొదలుపెట్టాడు.

విత్తనమంటే నిజంగా విత్తనం కాదు, గోధుమలు. వాటిని నానబెట్టి, గింజ మెత్తబడాలి గాని పగలకూడదన్నట్టు ఉడికించి, దుప్పటి మీద ఆరబెట్టి, సీసాల్లో పోసి, మూతకు చిల్లుపెట్టి దూది కుక్కి, ప్రెషర్ కుక్కర్లో గంటన్నర ఉంచుతాడు. చల్లారాక, అడ్డంగా పడుకోబెట్టిన పాత చేపలతొట్టిలోకి సీసానూ చేతులనూ దూర్చి, స్పిరిట్ దీపం పక్కన, ఒకప్పుడు మా పళ్లు గీకిన పనిముట్లతోనే చిన్న పుట్టగొడుగు ముక్క అందులో వేస్తాడు. అక్కణ్నుంచి మూడు వారాలు. గింజ గింజకూ తెల్లటి నూలు అల్లుకోవాలి. ఆ మూడు వారాలూ ఆయన కూర్చోడు, కూర్చున్నా లేస్తాడు, లేచి సీసాలు చూస్తాడు, చూసి మెట్లమీదికొచ్చి మమ్మల్ని చూస్తాడు.

“ఊపిరి!” అని అరుస్తాడు.

ఆయన తలుపు, నా తలుపు రెండో అంతస్తులో ఎదురెదురు. మా ఐదంతస్తుల మేడలో ఎవరైనా సరే, రెండో అంతస్తు దాటేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. కొత్తవాళ్లు గ్యాస్ లీకైందేమోనని పరుగెత్తి పారిపోయేవారు. నాదేమో కుట్టుపని. కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్లు ఆయన గుమ్మం ముందు ఊపిరి బిగబట్టి, నా ఇంట్లో అడుగుపెట్టగానే రొమ్ము విరుచుకుని ఆయాసపడేవారు. నేను అప్పుడే టేపు పెట్టేదాన్ని. కనీష్ కుట్టిన గౌన్లన్నీ ఛాతీ దగ్గర వదులని ఊళ్లో నాకు చెడ్డపేరు వచ్చింది. దానికి కారణం ఎవరో మీరే చెప్పండి.

మాలో రెండు చేతులూ పట్టుకుని పలకరించకపోతే పెద్ద అవమానం. ఈయన మోచెయ్యి చాపేవాడు. గుమ్మం దాకా వచ్చినవాళ్లను రొట్టె ముక్కయినా నోట్లో వేయకుండా పంపకూడదన్నది కూడా మా పద్ధతి. అది మాత్రం ఆయన ఏనాడూ తప్పలేదు. తలుపు గొలుసు తీయకుండా వేలెడంత సందు చేసి, అందులోంచి పట్టకారుతో రొట్టె ముక్క బయటికి చాపేవాడు.

“తీసుకో. ఇక్కడ నమలకు. కిందికెళ్లి నములు.”

కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన అబ్బాయి పాట్లు నేను కళ్లారా చూశాను.

“ఊపిరి పీల్చుకున్నావా?”

“పీల్చుకున్నానండీ.”

“మాట్లాడావు! అయిపోయింది. మళ్లీ పీల్చుకో. పీల్చుకున్నావా?”

“ఊఁ.”

“ఊఁ అంటే మాత్రం గాలి పోలేదనుకున్నావా? మళ్లీ!”

నాలుగోసారికి ఆ అబ్బాయి తలూపి, బుగ్గలు పూరించుకుని లోపలికి దూసుకెళ్లి, మొహం బీట్‌రూటులా చేసుకుని బయటపడి, తోచిన అంకె రాసుకుని వెళ్లాడు. ఆ నెల మా మేడంతా కలిసి వాడే కరెంటు ఎసెన్‌కుల్ బైకే ఒక్కడే వాడినట్టు తేలింది.

ఇదంతా ఒక ఎత్తు. సీసా చెడిపోతే జరిగే విచారణ ఇంకో ఎత్తు. ఎవరిదో ఒకరిది తప్పు అయితీరాలి. నేరుగా ఆ ఇంటి తలుపు కొట్టేవాడు.

“మంగళవారం మెట్లమీద తుమ్మావు.”

“నేనా? జలుబు కూడా లేదే!”

“తుమ్మావు. ఇదిగో చూడు, సీసా నాశనం! నీ పాపం నువ్వే పట్టుకుపో. ఇంకో మాట, బయట పారేశావంటే దీని పీడ మేడంతా పాకుతుంది. గడ్డి ఉడకబెట్టి, నీళ్లోడ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఇది కలిపి, సంచిలో కూరి చీకట్లో వేలాడదియ్. అప్పుడు గాని చావదు.”

పడ్డవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ చెప్పినట్టే చేసేవారు. నెల తిరిగేసరికి ఆ సంచి నిండా గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు! కాలు విరిగి మంచానపడ్డ వాచ్‌మన్ సాతర్‌కు అలా రెండు సీసాలు అంటగట్టాడు. మంచంలోంచి లేవలేనివాడు మెట్లమీద ఎలా దగ్గాడని మేమెవరమూ అడగలేదు. పింఛను చాలక తిప్పలు పడే బురుల్ అవ్వకు నాలుగు అంటగట్టాడు. ఆవిడ ఏడాదంతా పుట్టగొడుగుల నూడుల్స్ తిని బుగ్గలు పెంచింది.

మేమంతా ఒక ఒప్పందానికొచ్చాం. పాపం, ఆయన చెడిపోయిందనుకుంటున్న సీసా బంగారంలా పండుతోందన్న సంగతి ఆయనకు చెప్పకూడదు. చెబితే ఇవ్వడం మానేస్తాడు. అంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న విషయం తెలియదేమిటని మెట్లమీద తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన దాటగానే.

మా అందరిలో పెద్ద నేరస్తురాలు జిపార్. నాలుగో అంతస్తు పిల్ల, ఇద్దరు కవలలు, మొగుడు లేడు. ఆయన అంటగట్టిన సీసాలతోనే నేలమాళిగలో సంచులు వేలాడదీసి, పండిన పుట్టగొడుగులు బజారులో నూడుల్స్ దుకాణాలకు ఇచ్చి ఇల్లు నడుపుకునేది. ఆ ఏడు చలికాలంలో పైపు పగిలి నేలమాళిగ నిండా నీళ్లు చేరి, సంచులన్నీ కుళ్లిపోయాయి. మాస్కోలో దాని అక్క ఆఫీసులు తుడిచే పని ఒకటి చూసిపెట్టింది.

“ఈసారి పండకపోతే వెళ్లిపోతానక్కా,” అని నా కుట్టుమిషను పక్కన కూర్చుని చెప్పింది. “పిల్లల్ని నారిన్‌లో మా అత్త దగ్గర వదిలేస్తా. వాళ్లకింకా చెప్పలేదు.”

ఆ మాట విన్నాక నాకు సూదిలో దారం ఎక్కలేదు. తలుపు తీసే ఉంది. ఎదురింటి తలుపు సందులోంచి ఒక కన్ను మమ్మల్నే చూస్తోంది. మర్నాడే ఎసెన్‌కుల్ బైకే నాలుగో అంతస్తుకు ఎక్కాడు.

“నిన్న నా గుమ్మం ముందు ఏడ్చావు. ఏడిస్తే ఊపిరి ఎక్కువ పోతుంది. ఎనిమిది సీసాలు పోయేట్టున్నాయి! నూరూజ్ ముందురోజుకు గడ్డి ఉడకబెట్టుకుని సిద్ధంగా ఉండు. ఎనిమిది సంచులకు సరిపడా!”

మూడు వారాల తర్వాత చెడిపోబోయే సీసాలను లెక్కతో సహా ముందే చెబుతున్నాడంటే, అప్పుడైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు. ఎంత అమాయకుడో చూడవే అని జిపార్‌ను పొడిచాను కూడా.

నూరూజ్ అంటే మా వసంతకాలపు కొత్త సంవత్సరం పండగ. దాని ముందురోజు మా వాకిట్లో సుమోలోక్ అనే మొలకల పాయసం వండుతాం. ఇంటింటా గోధుమలు మొలకెత్తించి పళ్లెంలో గుమ్మం బయట పెడతారు. అవన్నీ పోగుచేసి, రుబ్బి, పెద్ద బానలో ఒక పగలూ రాత్రీ కలియబెట్టాలి. ఆ ఏడు పోగుచేసే పెత్తనం నాది. పొద్దున్నే బేసిన్లు పట్టుకుని ఆడవాళ్లను వెంటేసుకుని బయల్దేరాను. రెండో అంతస్తుకు రాగానే అందరం ఆగిపోయాం. ఎసెన్‌కుల్ బైకే గుమ్మం ముందు తువ్వాలు కప్పిన పెట్టె. అందులో ఎనిమిది సీసాలు. సీసాల నిండా తెల్లటి వేళ్లు అల్లుకున్న గోధుమలు. ఆ రోజు గుమ్మం బయట గోధుమలు కనిపిస్తే పండగ మొలకలే అనుకున్నాం గాని, జిపార్ ఎనిమిది సీసాల సంగతి ఆ హడావిడిలో నాకు తట్టనే లేదు.

“ఏనాడూ గుప్పెడు గింజలివ్వని మనిషి, ఈసారి ఎనిమిది సీసాలే!”

“ఈయన మొలకలేంటే ఇంత తెల్లగా ఉన్నాయి?”

“పళ్ల డాక్టరు కదా, తోమి ఉంటాడు.”

నవ్వుకుంటూ పెట్టె మోసుకొచ్చాం. మూతలు తీసి, ఎనిమిదీ విడిగా ఒక పెద్ద బేసిన్‌లో బోర్లించి, గడ్డలన్నీ చేతులతో చిదిమాం. ఐదుగురు ఆడవాళ్లం, పది చేతులు, పాట కూడా పాడాం. రుబ్బేముందు బురుల్ అవ్వ ముందుకొచ్చింది. ఆవిడ దీవించనిదే మా మేడలో ఏదీ పొయ్యి ఎక్కదు. మేడలోని ఇళ్లన్నింటికీ పేరుపేరునా మంచి కోరుకుని, బేసిన్ మీదికి వంగి, గుండెల నిండా గాలి పీల్చి, “ఫూ” అని మూడుసార్లు ఊదింది.

మూడో ఊదు పూర్తయ్యేసరికి నేలమాళిగ మెట్లమీద ఎసెన్‌కుల్ బైకే ప్రత్యక్షమయ్యాడు. చేతిలో థర్మామీటరు. వెనకాల చేతులకు గడ్డి అంటుకున్న జిపార్. ఖాళీ సీసాలు చూశాడు. బేసిన్ చూశాడు. అవ్వ ఇంకా సున్నాలా పెట్టి ఉంచిన నోటిని చూశాడు.

అలవాటు కొద్దీ వాకిలంతా ఊపిరి బిగబట్టింది.

“అవి సుమోలోక్ గోధుమలు కావు,” అన్నాడు. అరవలేదు. అరవకపోవడమే భయం వేసింది. “జిపార్‌వి. గడ్డి చల్లారిపోతోంది. మధ్యాహ్నం దాటితే పులిసిపోతుంది.”

జిపార్ మెట్లమీదే కూలబడింది. “ఇంకేం, అయిపోయింది. మా అక్కకు ఫోన్ చేస్తా,” అని గడ్డి చేతుల్లో మొహం దాచుకుంది. నాకు నా మీద నాకే మండిపోయింది. పెత్తనం నాది, బేసిన్ నాది, ఆ పిల్ల పిల్లల్ని నారిన్ పంపేది కూడా నేనే అవుతున్నాను.

అప్పుడు బురుల్ అవ్వ కొంప ముంచింది.

“ఎందుకే ఏడుస్తావు? చెడిపోతే ఏమైంది? ఈయన చెడిపోయిందన్న ప్రతి సీసా పండింది కదే! నాకు నాలుగూ పండలేదూ?”

నలుగురం నాలుగు వైపుల నుంచి ఆవిణ్ని గిల్లాం. ఆలస్యమైపోయింది. ఎసెన్‌కుల్ బైకే చెవుల దాకా ఎర్రబడ్డాడు. పట్టుబడిన దొంగలా అటూ ఇటూ చూసి, నా మీద విరుచుకుపడ్డాడు.

“కనీష్! ఏం చూస్తున్నావు? నా వంటింట్లో స్పిరిట్ ఉంది, పట్టుకురా! అందరి చేతులూ తుడవాలి!”

“మరి ఊపిరి...”

“పీల్చుకో, వదులు, తుమ్ముకో! పరిగెత్తవే తల్లీ, గడ్డి చల్లారిపోతుంది!”

పద్నాలుగేళ్లుగా ఎదురింట్లో ఉంటూ నేను ఆ వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. స్పిరిట్ సీసా అలమర పక్కనే ఉంది. అలమరలో ఆయన తన కోసం ఉంచుకున్న సీసాలున్నాయి. ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా, ఒకటి జారుడుగా పులిసి కంపు కొడుతూ. ఇంకో వరసా అంతే. తెల్లటిది ఒక్కటీ లేదు. చెడిపోయిన సీసా అంటే ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. మాకెవరికీ ఆయన అలాంటిది ఇచ్చిన పాపాన పోలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ అమాయకులం మేమే. పేదవాడి తలుపు కొట్టి “ఇదిగో, తీసుకో” అనడం చేతకాక, తిట్టి మరీ అంటగట్టిన మనిషిని చూసి నవ్వుకున్నాం.

కిందికి దిగేసరికి ఆయన బేసిన్ తనే ఎత్తుకుని నేలమాళిగలోకి దించుతున్నాడు. స్పిరిట్ చేతులకు పోస్తూ మెల్లగా అడిగాను.

“బైకే, ఇంతమంది ఊపిరి తగిలింది కదా. పండుతుందంటారా?”

“సీసాలో ఉన్నప్పుడు పసిబిడ్డ. గడ్డిలోకి దిగాక మొండిది,” అన్నాడు నా వైపు చూడకుండా. “మొండిదే అనుకుంటున్నా. ఊదినావిడ పళ్లు నేనే పీకాను. ఆ నోట్లో చెడిపోవడానికి ఇంకేం మిగల్లేదు.”

“నాకింకా రెండున్నాయి!” అంది బురుల్ అవ్వ రోషంగా, నోరు తెరిచి చూపిస్తూ.

ఎసెన్‌కుల్ బైకే నవ్వాడు. సంచి మీదికి వంగి, గింజలు చల్లుతూ, కళ్లవెంట నీళ్లొచ్చేట్టు నవ్వాడు. ఆ మనిషికి పళ్లున్నాయన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. జిపార్ కూడా ముక్కు తుడుచుకుని పనిలో చెయ్యి వేసింది. ఒక పొర గడ్డి, ఒక గుప్పెడు గింజలు, మళ్లీ గడ్డి. మధ్యాహ్నం లోపు ఎనిమిది సంచులూ వేలాడాయి. పైన సుమోలోక్ సంగతే మర్చిపోయాం. ఆ ఏడు అది అడుగంటింది.

తర్వాతి మూడు వారాలూ మేడలో ఎవరికీ కుదురు లేదు. ఏదో ఒక వంకన ప్రతివాళ్లూ నేలమాళిగ మెట్లు దిగి ఎక్కేవారు. జిపార్ కవలలు బడినుంచి రాగానే సంచులు చూడ్డానికే పరిగెత్తేవారు. ఎందుకు చూస్తున్నారో వాళ్లకు తెలియదు. వాళ్లమ్మ పెట్టె సగం సర్ది మంచం కింద పెట్టింది. ఎనిమిదిలో ఆరు పండినా పెట్టె విప్పేస్తానని నాతో అంది.

ఏడు సంచులు తెల్లగా, గట్టిగా బిగుసుకున్నాయి. చీలికల్లో గుండుసూది తలలంత మొగ్గలు కూడా వేశాయి. జిపార్ అక్కడ నిలబడే ఫోన్ చేసి, “ఆ పని ఇంకెవరికైనా ఇప్పించక్కా,” అని చెప్పేసింది. ఎనిమిదో సంచికి మాత్రం ఒక పక్కంతా పచ్చటి బూజు పట్టింది.

మేం ఐదుగురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఎవరికి వాళ్లం ఆ రోజు ఎంత పాడామో, ఎంత మాట్లాడామో లెక్క వేసుకుంటున్నాం. బురుల్ అవ్వ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. ఎసెన్‌కుల్ బైకే ఆ సంచి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వాసన చూశాడు. మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు.

“ఇది నాది,” అన్నాడు చివరికి. “ఆ రోజు నవ్వాను కదా.”

సంచిని దించి, రెండు చేతులా ఎత్తుకుని, మెట్లెక్కి తనింటికి పట్టుకుపోయాడు.