శనిగ్రహాన్ని ఓడించిన కొబ్బరికాయ

నిన్న ఉదయం మా ఆయన బజారు నుంచి ఒక గాజు సీసా తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, మూత తీసి నా ముక్కు దగ్గర పట్టారు. అప్పుడే కోరిన పచ్చికొబ్బరి వాసన, కాస్త తీపి, కాస్త పాలవాసన, నేను వద్దన్నా లోపలికి వెళ్ళిపోయింది. వేడి తగలకుండా తీసిన నూనె అట. “రోజూ ఓ చెంచా తాగితే గుండెకి మంచిదని కొత్తగా కనుక్కున్నారట” అన్నారాయన, ఫోనులో చూసి. కనుక్కున్నది ఎవరో ఆయనకీ తెలియదు, ఫోనుకీ తెలియదు. పోయిన నెలలో ఇదే ఫోను ఇదే నూనె గురించి ఇంకోలా చెప్పింది. అయినా ఆ వాసనకి నాకు నా గుండె గుర్తుకు రాలేదు, సుగుణ గుర్తుకొచ్చింది. నలభై ఏళ్ళు దాటింది. అసూయని కూడా వేడి తగలకుండా దాచుకుంటే పాడవదనుకుంటాను, నాది ఇప్పటికీ తాజాగానే ఉంది.

మాది రాజోలుకి దగ్గర్లో, గోదావరి పాయకీ పంటకాలవకీ మధ్య ఇరుక్కున్న ఊరు. ఎండాకాలంలో కాలవ కట్టేస్తే అడుగున మిగిలిన బురదలో మోకాళ్ళ దాకా దిగి మట్టగిడస చేపల కోసం తడుముకోవడం, తొలకరికి పెరట్లో కుప్పపోసిన కొబ్బరి పీచు డొక్కలు నాని వీధంతా పులిసిన వాసన కొట్టడం, వరద నీళ్ళు ఎర్రబడ్డాక ఎవరింట్లో పులస ఉడుకుతోందో గుమ్మంలో నిలబడే చెప్పగలగడం, ముసురు పట్టిన పొద్దుట పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కల మీద మామ్మ వెన్నపూస వేసి ఇవ్వడం, క్రిస్మస్‌కి వారం ముందు నుంచీ అమ్మ మూకుడు ముందు కూర్చుని కజ్జికాయలు వేయిస్తుంటే ఉప్పు సరిపోయిందో లేదో చూసే నెపంతో తీపి వంటని కూడా మామ్మ రుచి చూడడం, ఇవే మా క్యాలెండరు. పొయ్యిలోకి డొక్కలు, పాక మీదికి ఆకులు, చీపురుకి ఈనెలు, జుట్టుకి నూనె, నోట్లోకి లౌజు, మా ఆడపిల్లల చేతులకి కొబ్బరాకు వాచీలు, మగపిల్లల క్రికెట్టుకి కొబ్బరి మట్ట, అన్నీ ఒక్క చెట్టే ఇచ్చేది. ఆ చెట్టుని మాట అనాలంటే ఎంత నోరున్నవాళ్ళయినా కాస్త ఆలోచించేవారు.

ఊళ్ళో మా పేటంతటికీ ఒక పెంకుల గుడి ఉండేది. మేం చర్చిని గుడి అనే అనేవాళ్ళం, పాదిరిగారిని అయ్యగారనేవాళ్ళం. డెబ్బైలు వెళ్ళిపోతూ ఎనభైలు వస్తున్న ఆ రోజుల్లో అయ్యగారు ఒక ఆనవాయితీ పెట్టారు. ఆదివారం ప్రకటనలు అయిపోయాక, కానుకల సంచీ తిరిగే ముందు, బడి పిల్లల్లో ఒకరు లేచి లోకంలో కొత్తగా కనుక్కున్న సంగతి ఒకటి చెప్పాలి. దేవుడు చేసిన పనులు మనుషులు ఇంకా వెతుక్కుంటూనే ఉన్నారని పెద్దవాళ్ళకి తెలియాలనేది ఆయన ఉద్దేశం. దానికి ‘కొత్త సంగతి’ అనే పేరు స్థిరపడింది. కొత్త సంగతి బావుందో లేదో ఎవరూ చప్పట్లు కొట్టి చెప్పేవారు కాదు, గుడిలో చప్పట్లు ఉండేవి కావు. తాటాకు విసనకర్రలు ఆగితే బావున్నట్టు, ఊగుతుంటే బాలేనట్టు.

నేను లేచినప్పుడు అవి ఊగుతూనే ఉండేవి.

సుగుణది నా క్లాసే, వాళ్ళమ్మ రాజోలు ఆసుపత్రిలో నర్సు. డాక్టరుగారి గదిలో చదివేసిన పత్రికలన్నీ ఆవిడ సంచీలో పడి సుగుణ చేతికి వచ్చేవి, నిగనిగలాడే కాగితం, రంగుల బొమ్మలు. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో మాష్టారు. బడికి వచ్చే పేపరు ముందు హెడ్మాష్టారింటికి, తరవాత వాళ్ళ బావమరిది ఇంటికి, ఆ పైన మా ఇంటికి వచ్చేది. కొన్ని ఆవిష్కరణలు నా దాకా చేరేసరికి మధ్యలో ఎవరో బజ్జీలు తిని ఉండేవారు. నూనె మరక అవతల ఏ గ్రహం ఉందో వెలుతురుకి పట్టుకుని చదువుకునేదాన్ని.

విదేశంలో గాజు గొట్టంలో ప్రాణం పోసుకున్న పాప పుట్టిందని సుగుణ చెప్పిన ఆదివారం గుడిలో గాలి ఆడలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి “అమ్మో” అని ఒకటే మాట లేచింది. మగవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దాయన లేచి నిలబడి, “అయితే అయ్యగారండీ, ఆ పిల్లకి బాప్తిస్మం ఇస్తారంటారాండీ?” అని అడిగేశారు. అయ్యగారు వచ్చే వారం చెబుతానన్నారు. ఆ వచ్చే వారం వరకూ ఊరు ఊరంతా సుగుణనే తలుచుకుంది. నేను అన్నం మానేద్దామనుకున్నాను కానీ ఆ పూట మా ఇంట్లో రొయ్యల ఇగురు.

నా వంతు వచ్చినప్పుడు మశూచి అనే జబ్బు ఇక ఈ భూమ్మీద లేదని ప్రకటించారని చెప్పాను. ఎక్కడో ఒక్కటి తప్ప విసనకర్రలు ఆగలేదు. లేని జబ్బు గురించి ఎవరు ఆశ్చర్యపోతారు? గుడి బయటికొచ్చాక చిట్టెమ్మ మామ్మ అనే ముసలావిడ నా గడ్డం పట్టుకుంది. ఆవిడ మొహం నిండా మశూచి మచ్చలు.

“అయితే ఇంకెవరి పిల్లలకీ రాదంటావా తల్లీ?”

“రాదండి. పేపర్లో వేశారండి.”

“ఆయ్” అందావిడ. అని, చెప్పులు తొడుక్కోవడం మరిచిపోయి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది. నేను మాత్రం ఇంటికి వెళ్ళేదాకా, ఆగిన విసనకర్ర ఒక్కటే, అదీ ముసలావిడదే, అనుకుంటూ నడిచాను.

ఇలా సాగుతుండగా కోతపండుగ దగ్గర పడింది. కోతలై, నూర్పులై, ధాన్యం ఇళ్ళకి చేరాక మా గుడిలో జరిగే పండుగ అది. ఎవరి పంటలో తొలి భాగం వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు, వచ్చింది గుడికి. అరటిగెలలు, గుమ్మడికాయలు, కందగడ్డలు, కాళ్ళు కట్టేసిన పుంజులు, గుడ్లబుట్టలు. ప్రసంగం మధ్యలో పుంజు కూసేది, అయ్యగారు ఆగి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఏ పిల్లాడో తెచ్చిన ఒక్క నిమ్మకాయ కోసం ఇద్దరు వియ్యంకులు పట్టుదలకి పోయి పాడుకునేవారు. అన్నింటికన్నా పెద్ద కుప్ప కొబ్బరికాయలదే. వేలం వేసేది సంఘపెద్ద ఆనందరావుగారు. ఆయనకి కొబ్బరికాయల కొట్టు ఉంది, గొంతు కూడా ఉంది.

ఆ ఏడు పండుగకి అమలాపురం నుంచి పెద్దయ్యగారు వస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వస్తున్నారు, పందిరి వేస్తున్నారు. అంతమంది ముందు కొత్త సంగతి చెప్పేది ఎవరో అయ్యగారే ఎంచుతానన్నారు. ఈసారి నా దగ్గర సరుకు ఉంది. ఆ మధ్యనే ఒక వ్యోమనౌక శనిగ్రహం పక్కనుంచి పోతూ ఫోటోలు తీసింది. మనం రెండో మూడో అనుకున్న వలయాలు వందలకొద్దీ ఉన్నాయని, గ్రామఫోను ప్లేటు మీద గీతల్లా కనిపించాయని పేపర్లో బొమ్మతో సహా వచ్చింది, మరక కూడా లేకుండా. ఆ బొమ్మని పాఠం పుస్తకంలో పెట్టుకుని, పెరట్లో కొబ్బరిచెట్లకి, దూడకి, మామ్మకి వరసగా చెప్పి చూసుకున్నాను. మామ్మ విసనకర్ర ఆపింది. నిద్రపోయిందని తరవాత తెలిసింది.

అయ్యగారు పందిరి రాటలు పాతిస్తూ నన్నూ సుగుణనీ పిలిచారు.

“ఏం చెబుతావమ్మా విమలా?”

“శనిగ్రహం గురించండి. దాని చుట్టూ వందల వలయాలు ఉన్నాయంటండి.”

అయ్యగారు రాట పాతుతున్న వాళ్ళ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. “బావుందమ్మా. చాలా బావుంది. మనం అలాంటివి నమ్మం అనుకో. అయినా పండగ పూట, పెద్దయ్యగారు వచ్చేరోజున, శని ఎందుకమ్మా?”

“గ్రహమేనండి” అన్నాను.

“గ్రహమే. నేను కాదన్నానా? గురువు గురించి ఏమైనా ఉందా మరి?”

గురుగ్రహం గురించి నా దగ్గర ఏమీ లేదు. అయ్యగారు సుగుణ వైపు తిరిగారు. “నీదేంటమ్మా?”

“గుండె ఆరోగ్యం గురించండి.”

“చూశావా, అందరికీ పనికొచ్చేది” అన్నారు అయ్యగారు. ఇంతలో రాట ఒకటి పక్కకి ఒరిగింది, ఆయన అటు పరుగెత్తారు. ఆ ఆరోగ్యం ఏమిటో అడగలేదు. సూర్యుడి నుంచి అంత దూరంలో, ఎవరి జోలికీ రాకుండా తిరుగుతున్న శనిగ్రహం, క్రైస్తవుల పందిరి కింద కూడా చోటు దొరక్క వెనక్కి పోయింది. ఇంటికి వెళ్ళే దారిలో సుగుణ నా భుజం మీద చెయ్యేసి, “నీది కూడా బావుందే” అంది. ఆ ‘కూడా’ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

పండుగ రోజు పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. సుగుణ కొత్త పరికిణీ కట్టుకుని, రెండు జడలకీ రిబ్బన్లు వేసుకుని, కొబ్బరికాయల కుప్ప పక్కనే నిలబడింది, ఖాళీ అక్కడే ఉంది మరి. నిదానంగా, స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. కొబ్బరిలో ఉండే కొవ్వు గుండెకి మంచిది కాదని విదేశాల్లో వైద్యులు ఇప్పుడు అంటున్నారు, కాబట్టి మనమంతా తగ్గించుకోవాలి, వందనాలు.

విసనకర్రలన్నీ ఆగాయి. పందిరి బయట నిలబడిన వాళ్ళ చేతులు కూడా ఆగాయి. అలాంటి నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు. అందులో ఒక్క ముక్క నాకు ఇచ్చినా ఏడాదంతా సరిపెట్టుకునేదాన్ని.

వేలం మొదలైంది. అరటిగెలలు పోయాయి, పుంజులు పోయాయి, గుమ్మడికాయ మీద పోటీ కూడా పడ్డారు. కొబ్బరికాయల దగ్గరికి వచ్చేసరికి ఆనందరావుగారు తువ్వాలు భుజం మార్చుకుని, “ఆయ్, పాడండి, ఎవరండీ, తొలికాపు కాయలండీ!” అని కేకేశారు. ఎవరూ పలకలేదు.

“గుండెకి మంచిది కాదంటకదండీ” అన్నాడు వెనక నుంచి ఒకాయన.

“నీకు గుండె ఉందని ఊళ్ళో ఎవరన్నారయ్యా?” అన్నారు ఆనందరావుగారు.

“నాకు కాదండి, మా బావగారికండి. మొన్న చెట్టెక్కి ఆయాసపడ్డాడు.”

“చెట్టెక్కితే ఆయాసం రాక నిద్రొస్తుందా?”

జనం నవ్వారు కానీ పాట మాత్రం పాడలేదు. అప్పుడు మా మామ్మ లేచింది. “ఇన్నేళ్ళబట్టీ తింటన్నాను. ఆగిపోతే అప్పుడు చెబుతాను లెండి. నాకు రాసేయండి” అంది. అలా ఆ కుప్ప, ఏ ఏడూ పోనంత చవగ్గా, మా ఇంటికి వచ్చింది. నాలుగు వారాలు పచ్చడి, లౌజు, కొబ్బరన్నం, మళ్ళీ పచ్చడి. సుగుణ గెలుపుని మూడు పూటలా నేనే తినాల్సి వచ్చింది.

ఆనందరావుగారు అందరి ముందూ “మా పొట్టల మీద కొట్టేవు కదా అమ్మాయ్” అంటే సుగుణ ఏడ్చింది. అయ్యో అనిపించాల్సింది. కానీ ఆ ఏడుపు చుట్టూ ఎంతమంది చేరారని! “ఏడవకమ్మా, పచ్చడిలో కూసింత వేసుకోవచ్చా?” అని ఒకావిడ, “బొండాం నీళ్ళకి ఫరవాలేదు కదా?” అని సాక్షాత్తూ పెద్దయ్యగారు. ముక్కు తుడుచుకుంటూనే సుగుణ ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది. నా పక్కన ఉన్నది అరటిగెల మోసుకుపోవడానికి వచ్చిన మనిషి ఒక్కడే. కాస్త జరగమన్నాడు.

మరుసటి ఆదివారం శనిగ్రహాన్ని చెబుదామని బొమ్మ పట్టుకునే వెళ్ళాను. పండగ అయిపోయింది కదా, ఇక శనికి అడ్డేముంది? ప్రకటనలు అయ్యాయి. అయ్యగారు కాస్త దగ్గి, సంఘపెద్దల కోరిక మీద ఇకపై కొత్త సంగతి ఉండదని చెప్పి, కానుకల సంచీ తిప్పమన్నారు. అంటే ఆ ఆనవాయితీలో చివరి మాట సుగుణదే అయిపోయింది. ఇంకెవరూ ఎప్పటికీ దాన్ని దాటలేరు.

ఆ సుగుణ నర్సు చదివి కువైట్ వెళ్ళింది. నేను కాలేజీ చదువుకుని, మాటలు నేర్చుకుని, ఎక్కడ నలుగురు చేరినా నవ్వించగలననే పేరు తెచ్చుకున్నాను. పోయిన ఏడాది గుడి పునఃప్రతిష్ఠకి ఊరు వెళ్ళాను. పెంకులు పోయి స్లాబు వచ్చింది, గోడకి ప్రొజెక్టరు తెర వచ్చింది, మా బురద కాలవ పక్కన కొబ్బరితోటలు సగం రొయ్యల చెరువులయ్యాయి. పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లు. అంగారకుడి మీద గాలి చప్పుడు కూడా వాటిలో వినిపిస్తుంది, వాళ్ళు విని పక్కకి తోసేస్తున్నారు. లోకంలో కొత్తది ఏదైనా ఒకరు చెబితేనే తెలిసే రోజులు పోయాయి, ఒకరు చెబుతుంటే వందమంది ఊపిరి బిగబట్టే గుడీ పోయింది. నన్ను ఎవరూ ఎప్పుడూ ఊపిరి బిగబట్టి విననే లేదు కాబట్టి, నాకు పోయింది ఏమిటో నాకే సరిగ్గా తెలియదు.

ఆనందరావుగారి కోడలు, ఇప్పుడు ఆవిడే ముసలావిడ, కళ్ళజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూసింది. నాన్నగారి పేరు చెప్పాను, మామ్మ పేరు చెప్పాను. గుర్తు రాలేదు. ఇంతలో మొహం వెలిగింది.

“ఆ, తెలిసిందమ్మా! కొబ్బరికాయల సంగతి చెప్పిందే, ఆ సుగుణ స్నేహితురాలివి కదూ?” అని, నా చెయ్యి పట్టుకుని పక్కనున్న వాళ్ళందరికీ అలాగే పరిచయం చేసింది.

“ఆయ్” అన్నాను.